అక్వేరియం సంపు: అడుగున చేరే మడ్డి, దాన్ని తీసే పద్ధతులు

పెద్ద అక్వేరియం కింద, సాధారణంగా దాని స్టాండులోనే తలుపుల వెనక అమర్చే రెండో తొట్టిని సంపు అంటారు. పై తొట్టి అంచు దాటి పొర్లిన నీరు పైపు గుండా ఇందులోకి దిగుతుంది. ఇక్కడి గదుల్లో వడకట్టబడి, చివరి గదిలోని పంపు ద్వారా మళ్లీ పైకి చేరుతుంది. హీటరు, నురగతో మలినాలను తీసే ప్రొటీన్ స్కిమ్మర్, వడపోత సంచులు, బ్యాక్టీరియా పెరిగే రాళ్లు అన్నీ సంపులోనే ఉంటాయి కాబట్టి పైన చేపలు, మొక్కలు తప్ప మరేమీ కనిపించవు. ఈ ఏర్పాటు ఇచ్చే సుఖం, తెచ్చే ప్రమాదం రెండూ ఒక్కచోటే ఉన్నాయి: చెత్త కంటికి కనపడని చోట చేరుతుంది. పైనా కిందా తిరిగేది మాత్రం ఒకే నీరు. సంపు అడుగున పేరుకున్న మడ్డి చేపలకు దూరమైపోయినట్టు కాదు. దాన్ని నీళ్లలోంచి బయటికి తీసినప్పుడే తొట్టి శుభ్రపడినట్టు.

ఇంటి ముందు నేలలో కట్టిన నీళ్ల సంపును ఏడాదికోసారి దిగి కడిగేవాళ్లకు అడుగున ఒండ్రు ఎలా చేరుతుందో తెలుసు. అక్వేరియం సంపులోనూ జరిగేది అదే. అయితే ఈ ఒండ్రు వట్టి మట్టి కాదు. అది కుళ్లుతుంది, ఆక్సిజన్‌ను తింటుంది, నీటిలోకి మళ్లీ కరుగుతుంది.

చరిత్ర

గాజుతొట్టిలో చేపల్ని నీరు మార్చకుండా బతికించే ప్రయత్నం మొదటి రోజు నుంచీ మడ్డితోనే తలపడింది. లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ 1850లో కెమికల్ సొసైటీకి వివరించిన ప్రయోగంలో రెండు బంగారు చేపలు, వాలిస్‌నేరియా అనే నీటి మొక్క ఉన్నాయి. మొక్క ఆక్సిజన్ ఇచ్చింది, చేపలు బతికాయి. కానీ రాలిన ఆకులు కుళ్లి నీరు మడ్డిబారడం మొదలైంది. అప్పుడాయన చెరువు నత్తల్ని వదిలాడు. అవి కుళ్లిన ఆకుల్ని తినేసి నీటిని తేటపరిచాయి. చేప, మొక్కల జంటకు మూడో జీవి అవసరమైంది మడ్డి వల్లనే.

సంపుకు అసలైన పూర్వరూపం విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ కట్టిన అక్వేరియాల్లో కనిపిస్తుంది. 1864లో హాంబర్గ్‌లో, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆయన ప్రదర్శన తొట్ల అడుగున చీకటి జలాశయాలు కట్టించాడు. క్రిస్టల్ ప్యాలెస్‌లో ఆ జలాశయం పైన ఉన్న తొట్లన్నింటికన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఆవిరి యంత్రాలతో నడిచే పంపులు సముద్రపు నీటిని పైకీ కిందికీ నిరంతరం తిప్పుతూ ఉండేవి. వెలుతురు లేకపోవడంతో కింద నాచు పెరగదు, నీరు చల్లగా ఉంటుంది, తేలే చెత్త నెమ్మదిగా అడుగుకు దిగుతుంది. ఒకే సముద్రపు నీటిని ఏళ్ల తరబడి వాడగలిగారు. ఇటలీలోని నేపుల్స్‌లో ఆంటన్ డోర్న్ స్థాపించిన సముద్ర జీవశాస్త్ర కేంద్రపు అక్వేరియానికీ లాయిడ్ సలహాలిచ్చాడు. అది 1874లో ప్రజలకు తెరుచుకుంది. నేటి ఇళ్లల్లో స్టాండు తలుపుల వెనక ఉన్న సంపుకూ ఆ జలాశయాలకూ సూత్రంలో తేడా ఏమీ లేదు.

ఇళ్లల్లోకి సంపు ఎక్కువగా వచ్చింది 1980లలో. డచ్ రచయిత జార్జ్ స్మిట్ 1986లో అమెరికా పత్రిక ఫ్రెష్‌వాటర్ అండ్ మెరైన్ అక్వేరియంలో రాసిన వ్యాసాలు తడి-పొడి వడపోతను అక్కడి అభిరుచిదారులకు పరిచయం చేశాయి. నీరు ప్లాస్టిక్ బంతుల గుట్ట మీదుగా సన్నగా జాలువారి సంపులో పడేది. గాలి, నీరు రెండూ తగలడంతో బంతుల మీద బ్యాక్టీరియా జోరుగా పెరిగేది. కొన్నేళ్లకే ఒక లోపం బయటపడింది. ఆ బంతుల మధ్య మడ్డి ఇరుక్కుని, అక్కడే కుళ్లి, నైట్రేట్‌గా మారి నీటిలో చేరుతోంది. అదే కాలంలో ఐరోపాలో పీటర్ విల్కెన్స్, డీట్రిచ్ స్ట్యూబర్ వంటివారు సముద్రపు రాళ్లు, స్కిమ్మర్ల మీద ఆధారపడిన బెర్లిన్ పద్ధతిని స్థిరపరిచారు. క్రమంగా బంతులు పోయాయి, వాటికోసం వచ్చిన తొట్టి మాత్రం నిలిచింది. ఈరోజు మనం చూసే సంపు అలా మిగిలినదే. బంతుల్ని తీసేయించిన కారణం మాత్రం ఇంకా వర్తిస్తుంది: చెత్త ఆగే చోటు ఉంటే దాన్ని తీసే దారి కూడా ఉండాలి.

మడ్డి అంటే ఏమిటి, సంపులోనే ఎందుకు చేరుతుంది

చేపల మలం, తినకుండా మిగిలిన మేత, చచ్చిన నాచు, రాలిన ఆకులు, బ్యాక్టీరియా జిగట ముద్దలు ఇందులో ప్రధాన భాగం. ఉప్పునీటి తొట్లలో వీటికి ఇసుక పొడి, సున్నపు పలుకులు, గొట్టపు పురుగుల గూళ్లు, స్పాంజ్‌ల అతి సన్నని ముళ్లు తోడవుతాయి. వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా, బూడిద కలిసిన గోధుమరంగులో ఉంటుంది. కొత్తగా చేరిన మడ్డికీ పాతదానికీ గుణంలో తేడా ఉంది. కొత్తదానిలో మాంసకృత్తులు, కొవ్వులు ఇంకా మిగిలి ఉంటాయి కనుక అది వేగంగా కుళ్లుతుంది. నెలల తరబడి ఉన్నదాన్ని బ్యాక్టీరియా చాలావరకు తినేసి ఉంటుంది. అందులో మిగిలేది తేలిగ్గా విరగని పదార్థం, ఖనిజపు పొడి. అయినా పాతది ప్రమాదం లేనిదని అనుకోకూడదు. దట్టంగా పేరుకుంటే లోపలికి ఆక్సిజన్ అందదు.

సంపులోనే ఎందుకు చేరుతుందో చిన్న లెక్కతో తేలుతుంది. గంటకు 1500 లీటర్లు తిప్పే పంపు ఉందనుకుందాం. 25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పైపులో నీరు సెకనుకు దాదాపు 85 సెంటీమీటర్ల వేగంతో పోతుంది. అదే నీరు 40 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల లోతు ఉన్న సంపులోకి వచ్చేసరికి వేగం సెకనుకు అర సెంటీమీటరు కూడా ఉండదు. పైపులో దుమికిన చెత్త అక్కడ తేలుతూ ఉండే అవకాశం లేదు, కిందికి దిగిపోతుంది. గదుల్ని విడదీసే అడ్డపలకల కింద 2.5 సెంటీమీటర్ల సందు ఉంటే అక్కడ వేగం మళ్లీ పది రెట్లు పెరుగుతుంది. అందుకే పలక కింద నేల శుభ్రంగా కనిపించి, దానికి ముందూ వెనకా మూలల్లో దిబ్బలు ఏర్పడతాయి. సంపును శుభ్రం చేసేవాడు చూడవలసినవి ఆ మూలలే.

కణం పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. నిశ్చలమైన నీటిలో చిన్న కణం పడే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం పదో వంతుకు తగ్గితే పడే వేగం నూరో వంతుకు తగ్గుతుంది. అంటే ముతక చెత్త సంపులో దిగుతుంది, మెత్తటిది పంపులోంచి మళ్లీ పైకి పోతుంది. చేతితో కలియబెడితే ముతకది కూడా మెత్తగా చిదిగిపోతుంది. కనుక మడ్డిని కదలించకుండా పీల్చి తీయడమే ఉత్తమం.

మరొక సంగతి. స్కిమ్మర్ ఉంటే చాలు, మడ్డి దానంతట అదే పోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. స్కిమ్మర్ నురగకు అంటుకునే కరిగిన సేంద్రియ పదార్థాలను, సన్నని కణాలను మాత్రమే పట్టగలదు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన కెన్ ఫెల్డ్‌మన్ 2009 ప్రాంతంలో చేసిన కొలతల్లో, పరీక్షించిన స్కిమ్మర్లు నీటిలోని మొత్తం సేంద్రియ కార్బన్‌లో సుమారు మూడో వంతుకు మించి తీయలేకపోయాయి. అడుగున కూర్చున్న మడ్డి జోలికి స్కిమ్మర్ వెళ్లనే వెళ్లదు.

పేరుకుంటే ఏమవుతుంది

కుళ్లే మడ్డి ముందుగా అమ్మోనియాను విడుదల చేస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు అక్వేరియంలో ఉంటాయి. వీటి గురించిన మన జ్ఞానం ఈమధ్యే బాగా మారింది. మంచినీటి అక్వేరియాల్లో నైట్రైట్‌ను మార్చేవి పాత పుస్తకాలు చెప్పినట్టు నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా జాతివని 1998లో తిమోతీ హోవనెక్ బృందం చూపింది. అమ్మోనియాను ఆక్సీకరణం చేసే మొదటి ఆర్కియాను (బ్యాక్టీరియాకు భిన్నమైన సూక్ష్మజీవిని) 2005లో వేరుచేసింది కూడా అక్వేరియం నుంచే. సియాటిల్ అక్వేరియంలోని ఉష్ణమండల సముద్రపు తొట్టి అడుగున ఉన్న రాళ్లలో దొరికిన ఆ జీవికి నైట్రోసోప్యూమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. తొట్టి అడుగు శాస్త్రానికి ఇంత ఇచ్చిందంటే అక్కడ ఎంత జీవక్రియ జరుగుతోందో ఊహించవచ్చు.

అమ్మోనియా ఎంత విషమన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే చేపకు హానిచేసే రూపంలో ఉండే అమ్మోనియా దాదాపు పది రెట్లవుతుంది. ఉప్పునీటి తొట్టి పీహెచ్ సాధారణంగా 8 దాటి ఉంటుంది కనుక అక్కడ కొద్ది అమ్మోనియా కూడా ప్రాణాంతకమే.

రెండో నష్టం ఫాస్ఫేట్, నైట్రేట్ పెరగడం. నాచు మొండిగా పెరిగే తొట్లలో యజమానులు వెలుతురు తగ్గిస్తారు, మేత తగ్గిస్తారు, మందులు వేస్తారు, సంపు తలుపు మాత్రం తెరవరు. ఫాస్ఫేట్ సున్నపు రాళ్లకూ ఇసుకకూ అంటుకుని ఉంటుంది. నీటిలో తగ్గినప్పుడల్లా మళ్లీ వదులుతుంది. అందువల్ల సంపు కడిగిన మర్నాడే నాచు పోతుందని ఆశించకూడదు. వారాలు పడుతుంది.

అసలు ప్రమాదం మూడోది. సేంద్రియ పదార్థం దట్టంగా ఉన్న మడ్డిలోకి ఆక్సిజన్ కొన్ని మిల్లీమీటర్ల లోతుకే చేరుతుంది. ఆ కింద ఆక్సిజన్ లేకుండా బతికే బ్యాక్టీరియా పనిచేస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. దాన్ని ఈ బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. నల్లని పొర, కుళ్లిన గుడ్డు వాసన దీనికి గుర్తులు. మంచినీటిలో సల్ఫేట్ చాలా తక్కువ కనుక ఈ ప్రమాదమూ తక్కువే. నీరు పారుతున్నంతకాలం ఈ వాయువు పై పొరలోని ఆక్సిజన్‌తో కలిసి హాని లేకుండా పోతుంది. కరెంటు పోయినప్పుడే ముప్పు. పంపు ఆగితే సంపులో నీరు నిలిచిపోతుంది, మడ్డి ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తాగేస్తుంది. గంటల తర్వాత కరెంటు రాగానే పంపు ఆ నిర్జీవపు నీటినంతా ఒక్కసారిగా పై తొట్టిలోకి చిమ్ముతుంది. ఎండాకాలంలో గంటల కొద్దీ కోతలు ఉండే మన ఊళ్లలో ఇది నిజంగా జరిగే విషయం. అడుగు శుభ్రంగా ఉన్న సంపు అయితే నాలుగైదు గంటలు ఆగినా పెద్దగా పాడవదు. సంపును కడగమని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఉంచాలా, తీయాలా

మడ్డిని పూర్తిగా తీసేయాలా అన్న ప్రశ్నకు అక్వేరియం పెంపకందార్లలో రెండు పక్షాలున్నాయి. సంపులో రెఫ్యూజియం పెట్టేవారు, అంటే కీటోమార్ఫా వంటి నాచును దీపం కింద పెంచే గది ఉంచేవారు, మడ్డిని ఆహారంగా చూస్తారు. అందులో కోపిపాడ్‌లు, ఆంఫిపాడ్‌లు అనే చిన్న జలచరాలు, ముళ్ల పురుగులు బతుకుతాయి. వాటిలో కొన్ని పైకి కొట్టుకుపోయి చేపలకు సజీవమైన మేతవుతాయి. చీకటి గదుల గోడల మీద స్పాంజ్‌లు పెరుగుతాయి. పగడపు దిబ్బల మీద స్పాంజ్‌లు నీటిలో కరిగిన సేంద్రియ పదార్థాన్ని తాగి, దాన్ని మళ్లీ కణాలుగా రాల్చి ఇతర జీవులకు అందిస్తాయని 2013లో సైన్స్ పత్రికలో యాస్పర్ డి గూయ్ బృందం ప్రచురించింది. ఆ గొలుసులో మడ్డి ఒక లంకె. కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియం పగలు సందర్శకులకోసం వడకట్టిన నీటిని, రాత్రి వడకట్టని సముద్రపు నీటిని తొట్లలోకి పంపేది కూడా ఆ నీటితో వచ్చే సూక్ష్మజీవులు తొట్లలోని ప్రాణులకు ఆహారం కావాలనే.

రెండో పక్షం వాదన సూటిగా ఉంటుంది. సముద్రం చాలా పెద్దది, ఇంటి తొట్టి చాలా చిన్నది. అక్కడ పురుగులు తినేసినది నీటిలో పలచబడిపోతుంది, ఇక్కడ పలచబడే చోటు లేదు. పురుగు తిన్న మడ్డి మాయం కాదు, దాని విసర్జనగా మళ్లీ నీటిలోకే వస్తుంది. బయటికి తీసినదే నిజంగా పోయింది.

రెండో వాదనే బలమైనది. అయితే మొదటివారు కాపాడాలనుకునే జీవులకూ విలువ ఉంది. నీరు దిగే మొదటి గదిని, స్కిమ్మర్ గదిని, పంపు గదిని నేల కనిపించేలా శుభ్రం చేయాలి. రెఫ్యూజియంలో మాత్రం ఒక్కోసారి ఒక మూల చొప్పున, సగానికి మించకుండా తీయాలి. ఎంతో కాలంగా ముట్టని సంపును ఒకే రోజు పూర్తిగా కడగడం ఈ రెండు పక్షాలూ ఒప్పుకోని పని.

శుభ్రం చేసే పద్ధతి

పై తొట్టిని శుభ్రం చేయడానికి సైఫన్ గొట్టం చాలు. ఒక కొస తొట్టిలో, రెండో కొస కింద బకెట్‌లో పెడితే నీటి బరువే పని చేసిపెడుతుంది. సంపు దగ్గర ఈ ఉపాయం పారదు, ఎందుకంటే సంపు నేల మీదే ఉంటుంది, దానికన్నా కింద బకెట్ పెట్టే చోటు లేదు. సంపులో మడ్డి పేరుకుపోవడానికి బద్ధకం కన్నా ఇదే పెద్ద కారణం. బాల్కనీలోనో బాత్‌రూంలోనో గచ్చు పల్లంగా ఉంటే గొట్టాన్ని అక్కడిదాకా లాగవచ్చు. లేకపోతే రెండు మార్గాలున్నాయి. మొదటిది చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు. దాని నీరు పీల్చే మూతికి గొట్టం తగిలించి, ఆ గొట్టాన్ని మూలల్లో నెమ్మదిగా తిప్పుతూ, బయటికి వచ్చే నీటిని బకెట్‌లోకి పంపాలి. రెండోది తడి చెత్తను కూడా పీల్చే వాక్యూమ్ క్లీనర్. ఇది గట్టిగా ఎండిన మడ్డిని, అడ్డపలకల మధ్య ఇరుకు సందుల్లోని దాన్ని కూడా లాగేస్తుంది. అయితే దాని డబ్బా కొద్ది సెకన్లలోనే నిండిపోతుంది. ఉప్పునీటికి వాడిన వెంటనే మంచినీటితో కడగకపోతే దాని లోహపు భాగాలు తుప్పు పడతాయి.

పని నీరు మార్చే రోజున పెట్టుకోవాలి. మొత్తం నీటిలో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు ఎలాగూ తీయవలసిందే, ఆ నీటిని పై తొట్టిలోంచి కాకుండా సంపు అడుగునుంచి తీస్తే ఒకే పనిలో రెండూ జరుగుతాయి. కొత్త నీరు ముందురోజే కలిపి, ఉప్పదనం, వేడి సరిచూసి సిద్ధంగా ఉంచుకోవాలి.

మొదట హీటరు ఆపాలి. ఆపిన వెంటనే నీటిమట్టం దించకూడదు. వేడి గాజు గాలికి బయటపడితే పగిలిపోతుంది, కనుక పావుగంటైనా ఆగాలి. దానంతట అదే నీరు నింపే పరికరం ఉంటే దాన్నీ ఆపాలి. మరిచిపోతే మట్టం తగ్గిందనుకుని అది మంచినీటిని పోసుకుంటూ పోతుంది. తర్వాత స్కిమ్మర్, చివరగా నీటిని పైకి పంపే రిటర్న్ పంపు. పంపు ఆగగానే పై తొట్టి అంచు పైన ఉన్న నీరు, పైపుల్లోని నీరు సంపులోకి దిగుతాయి. 120 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టిలో నీరు 2 సెంటీమీటర్లు దిగితే 12 లీటర్లు. 90 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న సంపును 25 సెంటీమీటర్ల మట్టంతో నడిపితే ఇంకా 54 లీటర్లకు చోటుంటుంది, కనుక ఇబ్బంది లేదు. అంచుదాకా నింపి నడిపేవారికి మాత్రం కరెంటు పోయిన ప్రతిసారీ గది తడుస్తుంది. నీరు పైనుంచి తిరిగి పీల్చుకురాకుండా రిటర్న్ పైపులో నీటిమట్టం దగ్గర వేసే చిన్న రంధ్రం కూడా నాచుతో మూసుకుపోతుంది. ఆ రోజే ఒక పుల్లతో దాన్ని తెరవాలి.

నీరు నిలిచిన తర్వాత పది, పదిహేను నిమిషాలు ఆగితే తేలుతున్నది కూడా కొంత అడుగుకు దిగుతుంది. అప్పుడు పీల్చడం మొదలుపెట్టాలి. దిగువ గది నుంచి ఎగువకు కాక, నీరు దిగే గది నుంచి పంపు గది వైపు పోవడం మేలు. లేచిన మడ్డి ఎలాగూ అటే కదులుతుంది, చివర్లో అది కూడా దొరుకుతుంది. రాళ్లు, బ్యాక్టీరియా పెరిగిన దిమ్మలు ఉంటే వాటిని తీసి, బకెట్‌లోకి తీసిన తొట్టి నీళ్లలోనే ముంచి ఊపాలి. కుళాయి నీటితో కడగకూడదు. మునిసిపల్ నీటిలోని క్లోరిన్ వాటి మీది సూక్ష్మజీవుల్ని చంపుతుంది. వెనకటి బంతుల వడపోత ఇంకా వాడుతున్నవారు వాటిని ఒకేసారి తీయకుండా వారానికి కొన్ని చొప్పున తీయాలి.

వడపోత సంచుల సంగతి వేరు. 100 లేదా 200 మైక్రాన్ల రంధ్రాలున్న ఈ సంచులు మడ్డిని సంపులో పడకముందే పట్టేస్తాయి. మూడు, నాలుగు రోజులకోసారి మారిస్తేనే వాటి ప్రయోజనం. వారం దాటితే అందులో ఇరుక్కున్నది కుళ్లి నీటిలో కలుస్తుంది, సంచి మూసుకుపోయి నీరు పైనుంచి పొర్లుతుంది. సబ్బు లేకుండా గట్టి ధారతో తిరగేసి కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. మన ఎండ ఈ పనికి చక్కగా సరిపోతుంది. దానంతట అదే చుట్టుకుంటూ కొత్త గుడ్డను ముందుకు తెచ్చే రోలర్ పరికరాలు ఈమధ్య వచ్చాయి. ఖర్చు ఎక్కువైనా, తరచూ చేయలేనివారికి అవి నిజంగా ఉపయోగపడతాయి.

పంపును నాలుగైదు నెలలకోసారి విప్పాలి. లోపల తిరిగే రెక్కల చక్రం, దాని అయస్కాంతం మీద సున్నం పొరలా గట్టిపడుతుంది, పంపు శక్తి తగ్గుతుంది, వేడెక్కుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీటిలోనో, సగం నీరు కలిపిన తెల్ల వెనిగర్‌లోనో గంటసేపు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొర ఊడిపోతుంది. మంచినీటితో బాగా కడిగాకే తిరిగి బిగించాలి.

తిరిగి నడిపేటప్పుడు కొత్త సంచి తగిలించి, పంపును వాల్వుతో కొద్దికొద్దిగా తెరవాలి. నీరు కాస్త మసకబారడం సహజం, కొన్ని గంటల్లో తేటపడుతుంది. చేపలు నీటిపైకి వచ్చి మొప్పలు వేగంగా ఆడిస్తుంటే గాలి పంపు పెట్టి, అమ్మోనియా పరీక్షించాలి. మరో రెండు రోజులపాటు మేత తగ్గించి, రోజూ ఆ పరీక్ష చేయడం మంచిది. స్కిమ్మర్ మొదట కొన్నాళ్లు సరిగా నురగ కట్టకపోయినా కంగారుపడక్కర్లేదు.

ఎన్నాళ్లకోసారి అన్నదానికి ఒకే లెక్క లేదు. మేత ఎక్కువ పడే తొట్టికి నెలకోసారి, తక్కువ చేపలున్న దానికి మూడు నెలలకోసారి సరిపోవచ్చు. మడ్డి మందం ఒక వేలి మందానికి చేరకముందే తీయడం నమ్మదగిన కొలత. మన దేశంలో గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి తెచ్చారు, వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. అందుకే ఇక్కడి ఉప్పునీటి తొట్లలో ఎక్కువచోట్ల చేపలదే ప్రధాన స్థానం. చేపలెక్కువైతే మేతా ఎక్కువే, దానికి తగ్గట్టే మడ్డీ.

ఒంటి జాగ్రత్త

సంపు పక్కనే విద్యుత్ ప్లగ్గులు ఉంటాయి. చెయ్యి పెట్టేముందు మెయిన్ ఆపాలి, ఆ లైనుకు కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాలి. ప్రతి తీగా ప్లగ్గుకు చేరేముందు కొంత కిందికి వంగి పైకి లేచేలా అమర్చితే దాని వెంట జారే నీటిచుక్క ప్లగ్గులోకి పోదు.

చేతికి గాయముంటే తొడుగు లేకుండా సంపులో చెయ్యి పెట్టకూడదు. మైకోబ్యాక్టీరియం మరైనమ్ అనే సూక్ష్మజీవిని 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియం చేపల్లో జోసెఫ్ ఆరన్‌సన్ గుర్తించారు. అది మనుషుల చర్మంలో మానని పుండ్లు తెస్తుంది, నెలల తరబడి మందులు వాడవలసి వస్తుంది. గొట్టాన్ని నోటితో పీల్చి సైఫన్ మొదలుపెట్టడం పూర్తిగా మానేయవలసిన అలవాటు. ఇంకా తీవ్రమైనది పాలిటాక్సిన్. జోయాంథిడ్ అనే బొత్తాల వంటి మెత్తని జీవుల్లో కొన్నింటిలో ఈ విషం ఉంటుంది, అవి రాళ్లతోపాటు సంపులోకీ చేరతాయి. అటువంటి రాళ్లను వేడినీళ్లతో కడిగినప్పుడు లేచిన ఆవిరి పీల్చి కుటుంబం మొత్తం ఆసుపత్రి పాలైన ఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రాళ్లను ఉడకబెట్టవద్దు, పొడిగా గీకవద్దు.

మంచినీటి సంపులు, చేపల చెరువులు

అరోవానా, డిస్కస్ వంటి పెద్ద చేపల్ని పెంచేవారు మంచినీటి తొట్లకూ సంపులు పెడతారు. ఇక్కడ సల్ఫైడ్ భయం తక్కువ, కానీ నైట్రిఫికేషన్, అంటే అమ్మోనియా నైట్రేట్‌గా మారే ప్రక్రియ, నీటిలోని క్షారగుణాన్ని తినేస్తుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారత ఖర్చవుతుంది. మడ్డి తీయని, నీరు మార్చని పాత తొట్లలో పీహెచ్ పడిపోవడానికి, కొత్తగా వదిలిన చేపలు అందులో చచ్చిపోవడానికి కారణం ఇదే.

కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల చేపల, రొయ్యల రైతులకు ఈ శాస్త్రం కొత్త కాదు. చెరువు అడుగున చేరే నల్లమట్టి, దాని నుంచి వచ్చే గ్యాస్ పంటను ఎలా దెబ్బతీస్తాయో వారు ప్రతి ఏడూ చూస్తారు. పంట తర్వాత నీరు తోడి, చెరువును ఎండబెట్టి, నల్లమట్టిని తీయించి, సున్నం చల్లి తిరిగి నింపుతారు. రొయ్యల చెరువుల మధ్యలో గుంట తవ్వి, మడ్డి అందులో చేరేలా ఏరేటర్లతో నీటిని తిప్పి, అక్కడినుంచి బయటికి తోడే పద్ధతి కూడా ఉంది. సంపు విషయంలో నేర్చుకోవలసిన మంచి పాఠం ఆ గుంటలోనే ఉంది. సంపులో మొదటి గదిని ఖాళీగా, లోతుగా, చెయ్యి సులభంగా పట్టేంత వెడల్పుగా కట్టించుకుంటే మడ్డిలో ఎక్కువ భాగం అక్కడే ఆగుతుంది, తీయడం తేలికవుతుంది. కొత్తగా సంపు చేయించుకునేవారు గాజు కోసేవారికి ముందే ఈ మాట చెప్పాలి.

తీసిన మడ్డిని ఏం చేయాలి

మంచినీటి మడ్డి మొక్కలకు మంచి ఎరువు, పూలకుండీల్లో పోయవచ్చు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కనుక ఉప్పునీటి మడ్డిని మొక్కలకు పోయకూడదు, బాత్‌రూం డ్రైనేజీలో పోసి మంచినీటితో తరిమేయాలి. రెఫ్యూజియంలోంచి తీసిన నాచు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1984లో మొనాకో సముద్ర పరిశోధన మ్యూజియం కిటికీల కింద చిన్న మడిలా కనిపించిన కౌలెర్పా టాక్సిఫోలియా అనే అక్వేరియం నాచు మధ్యధరా సముద్ర తీరాల వెంట విస్తారంగా పాకింది. అదే నాచు 2000లో కాలిఫోర్నియాలోని అగువా హెడియొండా ఉప్పుటేరులో బయటపడితే, టార్పాలిన్లు కప్పి క్లోరిన్ పోసి చంపుతూ, నిర్మూలన పూర్తయిందని ప్రకటించేసరికి 2006 వచ్చింది. దీని చిన్న తునక చాలు, కొత్త మొక్కవుతుంది. అక్వేరియాల నుంచి బయటపడిన సక్కర్ క్యాట్‌ఫిష్ మన కాలువల్లో, చెరువుల్లో వలలు చించుతున్న సంగతి డెల్టా మత్స్యకారులందరికీ తెలుసు. కాబట్టి సంపులోంచి తీసిన నాచును, రాళ్లను, బతికున్న ఏ ప్రాణినైనా కాలువలోనో సముద్రంలోనో కలపకండి. నాచును రెండు రోజులు ఎండలో పరిచి, పూర్తిగా ఎండిన తర్వాతే చెత్తబుట్టలో వేయండి.